నాలుగు గంటలు నిలబడాలి

వచ్చి రెండు గంటలయింది. ఇంకా రెండు గంటలు దాన్ని ముట్టుకోకూడదు. గది మధ్యలో, ఎవరూ కూర్చోమనని చుట్టంలాగా నిలబడి ఉంది, నా భుజమంత ఎత్తు, తెల్లదే గానీ ఒక పక్క పాల మీగడ రంగుకు తిరిగింది, తీగ చుట్ట చుట్టి వీపున వేలాడుతోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మంచం ఉంది, కుర్చీ ఉంది, అయినా ఎందుకో నేల మీదే కూర్చోబుద్ధయింది. పడుకోబెట్టి తెచ్చాం కదమ్మా, లోపలి నూనె ఎక్కడెక్కడికో పోయి ఉంటుంది, అది మళ్ళీ కిందికి దిగాలి, నాలుగు గంటలు కదపకుండా నిలబడనివ్వండి, తొందరపడి స్విచ్ వేశారో కంప్రెసర్ పాడై కూర్చుంటుంది, అప్పుడు మళ్ళీ నన్నే పిలుస్తారు, అప్పుడు నేను ఇలా నవ్వుతూ రాను, అన్నాడు మెకానిక్. పన్నెండుకు నిలబెట్టాడు. పన్నెండు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుంటుంది, కాబట్టి నాలుగూ ఐదుకు వేస్తాను, కాదు, నాలుగుంబావుకు వేస్తాను, ఏం పోయింది, ఇన్నాళ్ళు లేనిది ఇంకో పావుగంట.

దాని కుడికాలి కింద ఒక గుడ్డ ముక్క ఉంది. పువ్వుల పువ్వుల గుడ్డ, కత్తిరింపుల్లో మిగిలిన పీలిక, నాలుగు మడతలు వేసి పెట్టారు, నేల ఎగుడుదిగుడని. కళ్ళు ఎటు తిప్పినా ఆ గుడ్డ దగ్గరికే వస్తున్నాయి. అది మా ఇంటి గుడ్డ కాదు. మెట్ల మలుపు దగ్గర ఫ్రిజ్ తిరగలేదు. ఇద్దరు మనుషులు, మెకానిక్‌తో ముగ్గురు, నిలువుగా పెట్టారు, అడ్డంగా పెట్టారు, గోడకు ఒరిపించారు, సున్నం రాలింది, తిరగలేదు. ఈ తలుపు తీస్తే తిరుగుతుందమ్మా, అన్నాడొకడు, కింద వాటా తలుపు చూపించి. పదకొండు నెలలుగా ఆ తలుపు ముందు నుంచి తల వంచుకుని పోతున్నదాన్ని, ఇప్పుడు ఆ తలుపు తట్టి, అక్కా, మా ఫ్రిజ్ మీ ఇంట్లోంచి తిప్పుకోవాలి అని ఏ ముఖంతో అడగను. అడగక్కరలేకపోయింది. చప్పుడు విని తనే తీసింది. రెండు రెక్కలూ తీసి, కుట్టుమిషన్ ఒక్కతే పక్కకు లాగి, దారిచ్చింది. నా వైపు చూడలేదు. మూల తగులుతుంది, గుడ్డ పెట్టండి, అని మాత్రం అంది, అదీ వాళ్ళతో, పీలికల మూట లోంచి దోసెడు తీసి ఇచ్చింది. మా ఫ్రిజ్ ఆమె గదిలోకి సగం వెళ్ళి, వీపు తిప్పుకుని, మళ్ళీ మెట్లెక్కింది. ఆమె ఫ్రిజ్ ఆ మూలనే ఉంది, పచ్చది, పాతది, గుర్రుమంటూ. రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నట్టు అనిపించింది నాకు. పిచ్చి ఆలోచనలు. చూసుకోవలసిన మనుషులం చూసుకోలేదు.

ఈ ఫ్రిజ్ కొనడానికి పాత ఫ్రిజ్‌లు అమ్మే షాపుకు నేను మూడుసార్లు వెళ్ళాను. వరసగా నిలబెట్టి ఉంటాయి, పదో పన్నెండో, తలుపులు తెరిచి, నోళ్ళు తెరిచినట్టు. ఒక్కోదానిలో తల పెట్టి వాసన చూశాను. ఒకదానిలో ఉల్లిపాయ, ఒకదానిలో మందుల వాసన, ఒకదానిలో ఏ వాసనా లేదు, అది ఇంకా అనుమానం, ఏం కడిగి పోగొట్టారో. ఎవరిదండీ ఇది, ఎందుకు అమ్మారు, ఇంట్లో ఎవరికైనా జబ్బా, అని అడుగుతుంటే షాపాయన పెన్ను చెవికి పెట్టుకుని, అమ్మా, మీరు ఫ్రిజ్ కొనడానికి వచ్చారా, సంబంధం చూడటానికి వచ్చారా, ఇక గోత్రం ఒక్కటే అడగలేదు, అన్నాడు. ఆ పక్కన ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ అడగడం మానలేదు. దీన్ని చూసినప్పుడు గుడ్లు పెట్టే గుంటల్లో ఒక తలపిన్ను దొరికింది, ఎర్రది, చిన్నపిల్లలు పెట్టుకునేది. తలుపు మీద సగం చిరిగిన బాతుబొమ్మ. పిల్ల ఉన్న ఇంటివాళ్ళు ఫ్రిజ్ ఎందుకు అమ్ముతారు. పిల్లకేమైంది. షాపాయన ముందు నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపి, బదిలీ అయిందమ్మా, ఆ పిల్ల నిక్షేపంలా ఉంది, బండి ఎక్కేటప్పుడు ఈ బాతుని చింపుకుపోదామని చూసింది, సగమే ఊడింది, మిగతా సగం మీకు కట్నం, అన్నాడు. అది విన్నాక గాని ఊపిరి తిరగలేదు. ఆ పిన్ను పారెయ్యలేదు. కిటికీ గట్టు మీద పెట్టాను. ఎవరి పిల్లో, ఎక్కడున్నా బాగుండనీ.

ఆయన ఎప్పుడూ అంటారు, నువ్వు భయపడని రోజున ఏదో జరుగుతుందని నాకు భయమేస్తుంది, అని. ఆయన బస్సు కండక్టరు, రోజంతా మనుషుల్ని ఎక్కించి దించి వచ్చి కూర్చుంటారు, నా భయాలు కూడా టిక్కెట్టు తీసుకున్న మనుషులే అనుకుంటారు, వాళ్ళ స్టాపు రాగానే దిగిపోతాయని. దిగవు. పిల్ల దగ్గితే నాకు క్షయ, పిల్ల నవ్వితే ఇంత నవ్వు దేనికో, పిల్ల స్కూలు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు మీద జనం గుంపు, మధ్యలో ఒక చెప్పు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, పెద్దగా ఏమీ తెలియదు, కానీ కీడు ఊహించుకోవడానికి చదువేం కావాలి. తమాషా ఏమిటంటే, ఇన్ని వేల కీడులు ఊహించినదాన్ని, నా పిల్లకు షుగరు వస్తుందని మాత్రం ఎప్పుడూ ఊహించలేదు. అది ముసలివాళ్ళ జబ్బు అనుకున్నాను. ఏడేళ్ళ పిల్ల, సన్నగా, కాళ్ళు అగ్గిపుల్లల్లా, ఎగిరెగిరి నడుస్తుంది, అందుకే పిచ్చుక అని పేరు పడింది. అంత పిల్లకు రోజుకు రెండు సూదులు, బతికున్నన్నాళ్ళూ, అని డాక్టరు చెబుతుంటే ఆయన గోడవైపు తిరిగారు, నేను మాత్రం అడిగాను, మందు ఎక్కడ పెట్టాలండీ అని. చల్లగా ఉండాలి, ఫ్రిజ్ ఉందా, అన్నాడు. లేదు. కింద ఇంట్లో ఉంది.

ఆ పిచ్చుక పేరు పెట్టింది కూడా కింద ఇంటి అక్కే. బట్టలు కుడుతుంది, ఒక్కతే ఉంటుంది, వీధి మొత్తానికీ ఆమె మిషనక్క. మా పిల్లకు మిషను పెద్దమ్మ. పొద్దున్నించీ సాయంత్రం దాకా మా నేల కింద ఆ మిషను చప్పుడు, ఆగుతూ, పరుగెడుతూ, మళ్ళీ ఆగుతూ, అది వినబడుతుంటే ఇంట్లో పెద్దదిక్కున్నట్టుండేది. ఫ్రిజ్ సంగతి అడుగుదామా వద్దా అని నేను మెట్ల మీద నీళ్ళు నములుతుంటే ఆమె నోట్లో గుండుసూది పెట్టుకునే అంది, దానికి ఇంత మొహమాటమా, నా ఫ్రిజ్‌లో ఏముంటుంది చెల్లెమ్మా, నీళ్ళ సీసాలూ రెండు వంకాయలూ, రాణీగారి మందు వస్తే దాని బతుకూ బాగుపడుతుంది. మర్నాటికి ఆ సీసాల డబ్బాకు ఒక సంచి కుట్టింది, మెత్తటి గుడ్డతో, పైన దారంతో పిచ్చుక బొమ్మ. ఫ్రిజ్ తలుపులో పై అర ఖాళీ చేసి, ఇది నీదే పాపా, ఇందులో నా వంకాయ కూడా అడుగు పెట్టదు, అంది. పిల్ల రోజుకు రెండుసార్లు దిగేది, సంచి తెచ్చుకునేది, మళ్ళీ పెట్టి వచ్చేది. పెట్టి రావడానికి గంట పట్టేది. అక్కడ గుండీలు రంగుల ప్రకారం వేరు చేసేది, బొమ్మకు గౌను కత్తిరించేది, పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఆ తొక్కుడు చూస్తుండేది. సూది అంటే నా దగ్గర ఏడ్చే పిల్ల, అక్కడ కూర్చుని చెప్పేదట, పెద్దమ్మా, నీ గుడ్డకు రోజుకు ఎన్ని సూదులో, అది ఏడవదు కదా, అని. ఆ మాట అక్క నాకు చెప్పి, పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

ఏడాదిన్నర బాగానే గడిచింది. చెడగొట్టుకుంది నేనే. ఇప్పుడు అనుకుంటే అక్కడే మొదలు. పోయిన ఎండాకాలం, ఇలాంటి మధ్యాహ్నమే, నేను దిగి వెళ్ళేసరికి ఆమె ఇస్త్రీ చేస్తోంది, ఫ్రిజ్ గుర్రుమనడం లేదు. చూస్తే స్విచ్ తీసేసి ఉంది. రెండూ ఒకేసారి పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది చెల్లెమ్మా, అరగంట, తలుపు తియ్యకపోతే లోపల చల్లగానే ఉంటుంది, అంది, మామూలుగానే, దాచిపెట్టి ఏమీ కాదు. నేను సరే అన్నాను. పైకి వచ్చాను. సరే అన్నానుగానీ లోపల సరే అనిపించలేదు, అరగంట గంట అయితే, ఆమె మరిచిపోతే, రాత్రంతా మరిచిపోతే. మర్నాడు ఎవరో కొలతలు ఇవ్వడానికి వస్తే ఆమె ముందు గదిలో ఉంది, నేను ఫ్రిజ్ తీశాను. తలుపులో సంచి. చెయ్యి పెడితే ఏదో గోరువెచ్చగా అనిపించింది, అనిపించిందంతే, అయి ఉండదు. పైన ఐసు అర కింద ఒక లోతైన పళ్ళెం ఉంటుంది, చెయ్యి పెడితే వేళ్ళు అంటుకుపోయేంత చలి. అక్కడ పెడితే, ఆమె ఎంతసేపు ఆపినా దీనికి ఢోకా లేదు అనుకున్నాను. సంచిలోంచి డబ్బా తీసి, ఆ పళ్ళెంలో లోపలికంటా తోశాను. ఖాళీ సంచి మడిచి తలుపులోనే పెట్టాను. ఎంత తెలివైనదాన్ని అనుకున్నానో ఆ రోజు. మెట్లెక్కుతూ నవ్వుకున్నాను కూడా.

ఇస్త్రీ చూసిన రోజు నుంచి వాడుతున్న సీసాను కిందికి పంపకుండా, తడిగుడ్డ చుట్టి పైన నా దగ్గరే పెట్టుకున్నాను, ఇంకో నాలుగు రోజులకు సరిపోయింది. అయిదో రోజు ఆ పళ్ళెంలోంచి కొత్తది తెచ్చాను. సీసాకు తెల్లగా పొడిపొడిగా అంటుకుని ఉంది, బయట మంచు అనుకున్నాను, తుడిస్తే పోలేదు, పోతుందిలే అనుకున్నాను. నర్సు నేర్పినట్టు రెండు అరచేతుల మధ్య దొర్లించాను, కుదపకూడదు, దొర్లించాలి, అంతా సవ్యంగా చేశాను, చల్లగా, గట్టిగా, చేతికి హాయిగా ఉంది. కరిగేదాకా దొర్లించాను. కరిగేదాకా. ఆ మాట ఇప్పుడు నాకు వినబడుతోంది, అప్పుడు వినబడలేదు. మందు నీళ్ళలా ఉండాల్సింది, కరగాల్సిన పనేముంది అని ఒక్కసారి అనుకుని ఉంటే. మూడు రోజులు పొద్దునా సాయంత్రం ఆ సూదే వేశాను, నా చేతులతో. రెండో రోజుకు పిల్ల కుండెడు నీళ్ళు తాగుతోంది, ఎండ కదా అన్నారు ఆయన. మూడో రోజు వాంతులు, ఊపిరి పరుగు తీస్తోంది, నోట్లోంచి మిగల మాగిన పండు వాసన. ఆయన డ్యూటీలో ఉన్నారు. నేను కేక పెట్టగానే కింది నుంచి పరిగెత్తి వచ్చింది ఎవరు, ఆమే, మెడలో కొలతల టేపు అలాగే ఉంది, పిల్లను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తింది, ఆటో ఆపింది.

ఆసుపత్రిలో డాక్టరు సీసా దీపానికి ఎత్తి చూశాడు. మందు పాడైంది, ఎండలో గానీ పెట్టారా, గడ్డ గానీ కట్టిందా, అన్నాడు. రెండు మాటలు అడిగాడు. నేను ఒకటే విన్నాను. రెండోది వినలేదని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. విన్నాను. చెవిలో పడింది, పడ్డచోటే దాని మీద ఏదో కప్పేశాను. డబ్బాలో మడత కాగితం ఉంటుంది, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, చదవలేను, కానీ దాని మీద ఒక మంచుపువ్వు బొమ్మ, దాని మీద కొట్టివేత. బొమ్మ చూడటానికి చదువెందుకు. నేను డాక్టరుకు ఏం చెప్పాను, మాకు ఫ్రిజ్ లేదండీ, వేరేవాళ్ళింట్లో పెడతాం, వాళ్ళు ఇస్త్రీకోసం ఫ్రిజ్ ఆపేస్తుంటారు, అని చెప్పాను. అయితే వేడెక్కి ఉంటుంది, అని రాసుకున్నాడు. పిల్ల నాలుగు రోజులు గొట్టాల మధ్య పడుకుంది. అక్క రెండోరోజు వచ్చింది, వరండాలో నిలబడింది. లోపలికి రానివ్వలేదు నేను. నీ ఇస్త్రీ నా పిల్ల ప్రాణం కంటే ఎక్కువా, అన్నాను. అందరూ వింటున్నారు. అరగంటే చెల్లెమ్మా, అరగంటకే మళ్ళీ వేసేదాన్ని, అంది ఆమె, అదీ నాతో కాదు, తన చేతులతో చెప్పుకుంటున్నట్టు. ఆ చేతుల వైపు చూస్తూనే వెళ్ళిపోయింది.

అంతటితో ఆపినా బాగుండేది. ఇంటికి వచ్చాక పిల్ల అడిగింది, అమ్మా, నాకెందుకు ఇలా అయింది అని. పిల్ల అడిగితే తల్లి ఏదో ఒకటి చెప్పాలి కదా. పెద్దమ్మ మందు పాడుచేసింది, ఇక అక్కడికి వెళ్ళకు, అని చెప్పాను. తను నమ్మింది. అమ్మ చెబితే నమ్మక. ఆ రోజు నుంచి ఆ తలుపు ముందు నుంచి ఎగరకుండా నడుస్తుంది, గోడవైపు ముఖం పెట్టుకుని. ఒకసారి అక్క, పిచ్చుకా, అని పిలిచింది, చేతిలో గౌను గుడ్డేదో ఉంది. తను ఆగలేదు. పైకి వచ్చి, నేను పలకలేదమ్మా, అని చెప్పింది, మంచి మార్కులు చెప్పినట్టు. నేను తల నిమిరాను. ఆ తల నిమిరిన చేతిని ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

తరవాత వెడల్పు మూతి ఫ్లాస్కు కొన్నాం. జ్యూస్ షాపులో రోజూ పొద్దున ఐసు తెచ్చి, సీసాలను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఐసు తగలకుండా మధ్యలో గిన్నె పెట్టి. ఐసు తగలకూడదని నర్సు చెప్పింది. తగిలితే ఏమవుతుంది అని నేను అడగలేదు. అదీ చూడండి. లోకంలో ప్రతిదాన్నీ ఏమవుతుంది ఏమవుతుంది అని అడిగే మనిషిని, ఆ ఒక్కటి అడగలేదు. పదకొండు నెలలు మోశాను ఆ ఫ్లాస్కు. మళ్ళీ ఎండలు వచ్చాయి, ఐసు మధ్యాహ్నానికే నీళ్ళవుతోంది, ఇక నా వల్ల కాదన్నాను, ఆయన సరే అన్నారు, కొత్తది మనవల్ల కాదు, పాతది చూడు అన్నారు.

ఇవాళ మెకానిక్ వెళ్ళబోతూ తలుపు తీసి ఒక్కొక్కటీ చూపించాడు. ఇది ఐసు అర, ఇది కూరలకు, ఇది గుడ్లకు. దీని కింద ఈ పళ్ళెం ఉంది చూశారూ, ఇందులో మాత్రం నీళ్ళున్నదేదీ పెట్టకండి, గడ్డ కట్టేస్తుంది. మా అత్తగారు కంట్లో వేసుకునే చుక్కల మందు ఇక్కడే పెట్టి, ఐసుముక్కని కంట్లో ఎలా వేసుకోవాలి అల్లుడూ అని నన్నే అడిగింది. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మందులైతే తలుపులో పెట్టుకోండి, షుగరు మందు అసలే పెట్టకండి ఇక్కడ, మా వీధిలో ఒకాయన అలాగే పోగొట్టుకున్నాడు, గడ్డ కట్టిందంటే మళ్ళీ కరిగినా పనికిరాదట, చూడటానికి మాత్రం మంచి మందులాగే ఉంటుంది, అన్నాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు గట్టు మీద ఆ ఎర్ర పిన్ను పక్కన పెట్టి, వెళ్ళిపోయాడు. నేను నేల మీద కూర్చున్నది అప్పుడే. కుర్చీ దాకా వెళ్ళలేక కూర్చున్నాను, ఇందాక ఎందుకో అన్నాను గానీ.

రెండున్నర. ఫ్లాస్కు మూత తీసి చూశాను. ఐసు లేదు. ఫ్రిజ్ వస్తోంది కదా అని పొద్దున సగమే తెచ్చాను. ఇవాళే ఆసుపత్రి నుంచి రెండు కొత్త సీసాలు ఇచ్చారు, నీళ్ళలో తేలుతున్నాయి సంచుల్లో. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయా, నా చెయ్యే చల్లబడిందా. జ్యూస్ షాపు ఈ వేళప్పుడు మూసేస్తాడు. కొన్ని గంటలకు ఏమీ కాదు, మరీ వేడి తగలకపోతే చాలు అని నర్సు చెప్పింది, తెలుసు, వంద సార్లు చెప్పింది. కానీ రేకుల కప్పు కింద ఈ గది వేడి నర్సుకేం తెలుసు. స్విచ్ వేస్తే. నూనె ఈపాటికి దిగే ఉంటుంది, రెండున్నర గంటలయింది, మెకానిక్‌లు ఎప్పుడూ ఎక్కువ చెబుతారు. లేచి నిలబడ్డాను, తీగ విప్పాను, ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. కింద మిషను ఆగుతూ, పరుగెడుతూ ఉంది. భయంతో నేను చేసినవన్నీ ఇలాగే చేశాను, ఎవరో వద్దన్నదాన్ని చేసి, ఎవరో సరే అన్నదాన్ని నమ్మక, నాకే ఎక్కువ తెలుసన్నట్టు, ఇంకాస్త చలి, ఇంకాస్త జాగ్రత్త. ప్లగ్గు కింద పెట్టేశాను. కింద ఒక ఫ్రిజ్ ఉంది. పచ్చది. పద్దెనిమిది మెట్లు. అరగంట సేపు ఆ మెట్లు ఎక్కడానికీ దిగడానికీ మనసులోనే సరిపోయింది. మందు కోసమే వెళ్తున్నానని చెప్పుకున్నాను. మందు కోసం కాదు. అది నాకు మూడో మెట్టు మీదే తెలుసు.

తలుపు తీసే ఉంది. సీసాలు కొంగులో పట్టుకుని గడప ఇవతల నిలబడ్డాను. మిషను ఆపింది, చూసింది.

"అక్కా, నీ ఫ్రిజ్ ఆగడం వల్ల కాదు," అన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివర నుంచి మొదలుపెట్టాను. "నేనే తీసి పైన పళ్ళెంలో పెట్టాను. గడ్డ కట్టింది. గడ్డ కట్టిన మందే వేశాను. నీది ఏమీ లేదు."

ఆమె సూది కింద గుడ్డ పైకెత్తింది. దారం తెంపింది. లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. అప్పుడు చూశాను, గోడ మీద స్విచ్‌కు టేపు అంటించి ఉంది, పొరల మీద పొరలు, ఒకటి వదులైతే దాని మీద ఇంకొకటి, స్విచ్ ఆకారమే తెలియకుండా. చెక్కబల్ల మీద ఇస్త్రీపెట్టె లేదు. దాని చోట మడతబెట్టని బట్టలు.

"ఇస్త్రీ వీధి చివర బండికి ఇస్తున్నా," అంది నా చూపు చూసి. "ఆ రోజు నుంచి." గోటితో టేపు అంచు పట్టుకుని లాగింది. రాలేదు. "రోజూ పొద్దున లేవగానే దీని మీద చెయ్యేసి చూస్తా. చల్లగా ఉందా లేదా అని. లోపల మీదేమీ లేకపోయినా."

నేను సాయం పడదామని ఒక అడుగు వేశాను. చెయ్యి అడ్డం పెట్టింది, నా వైపు చూడకుండానే. కుట్లు విప్పే చిన్న కత్తి తెచ్చి, ఒక్కో పొరా విప్పింది. ఎన్ని పొరలో. జిగురు గోడకు నల్లగా పట్టేసి ఉంది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అదొక్కటైనా ఆమె నెత్తిన పెట్టకూడదు అనుకున్నాను.

"దానికి తెలుసా?" అంది.

"లేదు."

"ఏం చెప్పావు దానికి?"

చెప్పాను, ఏం చెప్పానో. ఆ మాటకు మాత్రం ఆమె నా ముఖం చూసింది. కోపమైతే బాగుండేది.

"ఇటివ్వు," అంది. సీసాలు అందుకుని, ఫ్రిజ్ తలుపు తీసింది. పై అర ఖాళీగా ఉంది, అందులో ఆ సంచి, మడత పెట్టినది పెట్టినట్టే, పిచ్చుక బొమ్మ పైకి. సీసాలు అందులో వేసి మూసింది. "నీ ఫ్రిజ్ నడిచాక ఇవి తీసుకెళ్ళడానికి దాన్ని పంపు. నువ్వు రావద్దు."

వస్తానక్కా అని కూడా అనలేదు నేను. రావద్దు అన్నాక ఎలా అంటాను.

నాలుగుంబావుకు స్విచ్ వేశాను. ఒక్క క్షణం ఏమీ లేదు, పాడుచేశాననుకున్నాను, తరవాత చిన్నగా వణికి, గొంతు సవరించుకున్నట్టు చేసి, మొదలైంది. ఆ పై పళ్ళెం ఊడబీకి అటక మీదికి తోసేశాను. తలుపు అర తడిగుడ్డతో తుడిచాను. నాలుగున్నరకు పిల్ల వచ్చింది, ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండానే ఫ్రిజ్‌కు చెవి ఆనించింది. బాతు సగమే ఉందేంటమ్మా, మందు పెట్టావా, అంది. మందు కింద ఉంది, పెద్దమ్మ దగ్గర, నువ్వే వెళ్ళి తేవాలి, అన్నాను. నన్ను వింతగా చూసింది. వెళ్ళే ముందు ఇలా కూర్చో, ఒక మాట చెప్పాలి.

చెప్పాను. తనకు అర్థమయ్యేలా, నాకు దాక్కునే చోటు లేకుండా. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఎందుకు పాడైంది, ఎవరి పేరు చెప్పాను. వింటూ కాలి వేళ్ళు ముడుచుకుంది, విప్పింది.

"అయితే పెద్దమ్మ ఏమీ చెయ్యలేదా?"

"ఏమీ చెయ్యలేదు."

"మరి నేనెందుకు మాట్లాడలేదు?"

తను లేచి, ఒక కాలికి బూటుతోనే, మెట్లు దిగింది. ఎగరలేదు. బూటు చప్పుడు, ఉత్త పాదం, బూటు చప్పుడు, ఉత్త పాదం. పద్దెనిమిది లెక్కపెట్టాను. కింద మిషను పరుగెడుతోంది. తలుపు దగ్గర పాదాలు ఆగాయి. మిషను ఆగింది. బూటు చప్పుడు గడప దాటి లోపలికి వెళ్ళింది.

నేను ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాను. లోపల ఇప్పుడిప్పుడే చల్లబడుతోంది. కింద మిషను ఎంతకూ మళ్ళీ మొదలుకాలేదు.